నా నోట ఆమె గొంతు

ఆ క్రిస్మస్ పండుగనాడు నేను స్టేజీ మీద నోరు తెరవగానే హాల్లో మూడువేల మంది కన్నీళ్ళు పెట్టుకున్నారు.

సరే, మూడువేలు కాదు. ఆ హాల్లో గోడకు గోడ కుర్చీలు వేసినా మూడొందలు పట్టవు. అందులోనూ వెనక వరసలవాళ్ళు బిర్యానీ గిన్నెలు ఎప్పుడు దిగుతాయా అని తలుపువైపే చూస్తుంటారు. అందరూ ఏడవలేదు, కొందరు ఏడ్చారు. అది నిజం. నేను నోరు తెరిచింది కూడా నిజమే. అందులోంచి వచ్చిన గొంతు మాత్రం నాది కాదు. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను గనక ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే అలవాటు కొద్దీ చివరిదాకా దాచి, అక్కడ ఇంకేదో అతికిస్తాను.

నేను కతార్‌లో ఒక పెద్దింటికి ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్‌ని. మా కోనసీమ చుట్టాలకు అలాగే చెప్పాను, వాళ్ళూ అలాగే నమ్మారు. ఇక్కడివాళ్ళు దాన్ని హౌస్ డ్రైవర్ అంటారు. దోహా అవతల ఉమ్ సలాల్‌లో ఖర్జూరం చెట్లూ మేకలదొడ్డీ ఉన్న ఇల్లు. పిల్లలంతా దోహాలో వేరే విల్లాలకు వెళ్ళిపోయాక ముసలి మేడమ్ ఒక్కతే మిగిలింది. నా వయసువాణ్ణి ఇంకా పనిలో ఉంచారంటే, ఆవిడ నా బండి తప్ప ఇంకొకరి బండి ఎక్కదు కాబట్టి. నేను మెల్లగా నడుపుతాను. వెనకాల వాళ్ళు హారన్లు కొడతారు. ఆవిడకు వినబడదు, నాకు సిగ్గు లేదు. అప్పట్లో లేదు.

ఆ ఇంట్లో వంట చేసేది కడప జిల్లా ఆవిడ. నలభై దాటిన మనిషి, అయినా నా నోటికి “అమ్మాయ్” అనే వస్తుంది. వచ్చిన మొదటిరోజు నన్ను “తాతా” అంది.

“తాతేంటమ్మా, బాబాయ్ అనొచ్చుగా,” అన్నాను.

“మా తట్టు బాబాయ్ అనరు, సిన్నాయనా అంటాం. పళ్ళు కట్టించుకున్న సిన్నాయన మాకు యాడా లేడు గానీ, పోనీలే, అంటాలే,” అంది.

అప్పటినుంచి సిన్నాయననే. గేటు దగ్గర బండి ఆపగానే వంటింటి కిటికీలోంచి “సిన్నాయనా, టీ” అని కేకొచ్చేది. ఆ కేక కోసం నేను అవసరం లేకపోయినా బండి ఒకసారి బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టిన రోజులున్నాయి.

మా తెలుగు ఫెలోషిప్ శుక్రవారం పొద్దున. చర్చిలన్నీ ఒకే కాంపౌండ్‌లో ఉంటాయి. ఒక హాల్లోంచి మలయాళం పాట, ఇంకో హాల్లోంచి ఫిలిప్పీన్స్ వాళ్ళ పాట, మధ్యలో మేము. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, తలమీద ముసుగు. ఆడవాళ్ళు పాటలు పాడతారు, కూర్చున్నచోటే లేచి సాక్ష్యం, అంటే తమకు జరిగిన సంగతి, చెబుతారు. స్టేజీ ఎక్కి మాట్లాడరు. అలాగని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు, అందుకని ఎక్కరు. నాటకంలో మరియమ్మ కూడా ఒళ్ళో బొమ్మను పెట్టుకుని తల వంచుకుని కూర్చోవడమే తప్ప ఒక్క మాట అనదు. నాకు శుక్రవారాలన్నీ సెలవు. మా కడపావిడకు నెలకొక శుక్రవారం, అదీ మేడమ్ ఇంటికి చుట్టాలు రాకపోతే.

మా నాటకాల పద్ధతి కూడా చెప్పాలి. మాలో ఒకరి డ్యూటీ ఒకరితో కలవదు. ఒకడు అల్ ఖోర్‌లో కంపెనీ బస్సు నడుపుతాడు, ఒకడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఓనరు పిల్లల్ని బడికి దింపుతాడు. అందరం ఒకచోట చేరి రిహార్సల్ చేయడం అయ్యే పని కాదు. అందుకని ఎవరి డైలాగులు వాళ్ళు ఫోన్‌లో రికార్డు చేసి పంపుతారు. ఒకతను వాటిని వరసగా అతికించి, వెనకాల మ్యూజిక్ కలుపుతాడు. నాటకం రోజు స్పీకర్లలో మాటలు వస్తుంటాయి, స్టేజీ మీద మేము చేతులూ పెదాలూ కదుపుతాం. ఆ అతికించే అతను నిజామాబాద్ వైపువాడు, లేబర్ క్యాంప్‌లో ఏసీ టెక్నీషియన్. మా మతంవాడు కాదు. అదేమిటయ్యా అంటే, “నువ్వు ప్రార్థన చేస్తవ్, నేను పూజ చేస్త. స్పీకర్ల ఏది పెడ్తే అదే పాడ్తది తాతా,” అంటాడు.

ఆ సంవత్సరం గొర్రెలకాపరులూ జ్ఞానులూ వద్దు, చరిత్ర నాటకం వేద్దామని మా పాస్టరు అయ్యగారి ముందు ప్రకటించాను.

“ఏం చరిత్ర బ్రదర్?”

“వెయ్యేళ్ళ కిందటి మఠాల చరిత్రండి. పాత గ్రంథాలు తిరగేస్తున్నాను.”

నేను తిరగేసిన గ్రంథం బండితో పాటు ఇచ్చిన పుస్తకం ఒక్కటే, అదీ హీటర్ స్విచ్ ఎక్కడుందో చూడటానికి. ఆ కథ పక్కింట్లో పనిచేసే ఇథియోపియా అమ్మాయిది. ఆమే, మా కడపావిడా గోడకు అటొకరు ఇటొకరు నిలబడి, బట్టలారేస్తూ, ఇద్దరికీ వచ్చిన నాలుగు అరబీ మాటల్లో చెప్పుకున్న కథ.

ఆమె దేశంలో ఒక కొండమీద మఠం ఉందట. నిటారు కొండ, మెట్లు లేవు, పైనుంచి తాడు వదిలితే పట్టుకుని ఎక్కాలి. ఆడమనిషి ఎక్కడానికి వీల్లేదు. ఆడమేక కూడా వీల్లేదట. వెనకటికి ఒక అన్న సన్యాసం పుచ్చుకోవాలని ఆ కొండకు బయలుదేరాడు, చెల్లెలు సాగనంపడానికి వెంట వెళ్ళింది. దారిలో అన్న జ్వరమొచ్చి పోయాడు. ఆ పిల్ల అన్నను పూడ్చిపెట్టి, జుట్టు కోసుకుని, అతని బట్టలు కట్టుకుని, అతని బదులు తాడు పట్టుకుంది. పైన ఎవరూ గుర్తుపట్టలేదు. నీళ్ళు మోసింది, గంట కొట్టింది, చదువు నేర్చింది. ఏళ్ళు గడిచాక మఠానికే పెద్దయింది. చనిపోయి స్నానం చేయించేటప్పుడు తెలిసిందట, ఆడమనిషని. సన్యాసులంతా మోకాళ్ళమీద పడి ఏడ్చారట.

మా ఆవిడ నాకీ కథ వంటింటి గుమ్మంలో చెప్పింది. మా ఆవిడంటే నా భార్య అనుకునేరు. నా భార్య పోయి చాలా కాలమైంది. మా వంటావిడ. కథంతా చెప్పి, ముఖం చిట్లించింది.

“చచ్చినాంక తెలిస్తే ఏం లాభం సిన్నాయనా? ఆ యేడ్చేదేందో ఆమె బతికుండంగా ఏడవొచ్చు గదా. నేనైతే పెద్దను చేసిన దినమే అందర్నీ నిలబెట్టి చెప్పేస్తా.”

“ఏమని చెబుతావేంటి?”

గరిటె పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, గ్యాస్ పొయ్యి వైపు తిరిగి, పొయ్యి మీద గిన్నెలే సన్యాసులైనట్టు మొదలుపెట్టింది.

“అన్నల్లారా, నేను తాడు పట్టుకోని కొండెక్కిన దినం మీలోనే ఒకాయన చెయ్యందిచ్చినాడు. ఆ చెయ్యి మెత్తగుండాదా గట్టిగుండాదా అని చూడలేదు. మీకు నీళ్ళు మోసినా. గంట కొట్టినా. జరమొస్తే గంజి కాసినా. తప్పు చేసినామని మీరేడిస్తే పక్కన కూచోని ఓదార్చినా. అప్పుడంతా నా మాట మంచిదే. ఇప్పుడు నేను ఆడదాన్ని అని చెప్తాండా. మాట మారిందా? గొంతు మారిందా? మీ చెవులు మారినాయా?”

కూర మాడుతోందని నేను చెప్పాల్సి వచ్చింది. వెంటనే నా గదికి వెళ్ళి ఆ మాటల్ని రాసి, బాగుచేశాను. “ఓ సన్యాసి శిఖామణులారా! ఆలకింపుడు!” అని ఎత్తుకున్నాను. సాయంత్రం చదివి వినిపిస్తే చపాతీ పిండి చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది.

“ఎవురు సిన్నాయనా ఆ శిఖామణి? మన మేకపోతా?”

అది కొట్టేసి ఆమె మాటలే ఉన్నవున్నట్టు రాశాను. నవ్వడం అయ్యాక, పిండి పిసకడం ఆపకుండా, నా వైపు చూడకుండా అడిగింది.

“సిన్నాయనా, ఆ మాట నేనే చెప్పనా? స్టేజీ మింద?”

నేను కాయితం మడిచాను.

“ఈ దేశమొచ్చినకాడి నుంచి నేను మాట్లాడిందంతా ఏంది? జేన్, మాఫీ, ఇన్షాల్లా. మంచిది, లేదు, అట్లే. తెమ్మంటే తెచ్చినా, పొమ్మంటే పోయినా. మా యమ్మతో ఫోన్లో మాట్లాడితే ఆమెకు ఇది కువైటో కతారో కూడా తెల్దు, కువైట్లో ఎండలెట్లుండాయంటాది. ఒక్కతూరి నలుగురి ముందర నిలబడి మొదలుకాన్నించి కడాకు ఒక మాట చెప్పాలని ఉండాది. క్రిస్మస్ శుక్రారం నాకు లీవిస్తానంది మేడమ్. అయ్యగారు ఒప్పుకుంటాడా?”

“నేను చెబితే ఆయన కాదంటాడా? ఫెలోషిప్‌లో నా మాటకున్న విలువ నీకు తెలీదమ్మాయ్,” అన్నాను.

నా మాటకున్న విలువల్లా, కుర్చీలు వరసగా సర్దండయ్యా అంటే ఇద్దరు లేస్తారు.

ఆ శుక్రవారం అడుగుదామనే వెళ్ళాను. ఇది పెంచి చెప్పడం కాదు, నిజంగా అడుగుదామనే వెళ్ళాను. ప్రార్థన అయ్యాక అయ్యగారే నా దగ్గరికొచ్చి, “మరి ముఖ్య పాత్ర ఎవరండీ?” అన్నారు. నా బుర్రలో ఒక్కసారిగా ఆ స్టేజీ, ఆ లైట్లు, ముసుగు తీసే ఘట్టం, ఆ చివరి ప్రశ్నలు కనిపించాయి. అంత మంచి మాటలు ఆ స్టేజీ మీద ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు, ఇకముందు నాకు దొరకవు కూడా.

“నేనేనండి,” అన్నాను.

ఇంటికొచ్చి ఆమెతో ఏమన్నానంటే, అయ్యగారితో గంటసేపు వాదించాననీ, బైబిల్ వాక్యాలు తీసి చూపించాననీ, ఆయన గోడలా నిలబడి ఆడవాళ్ళు స్టేజీ మీద మాట్లాడడానికి వీల్లేదన్నారనీ చెప్పాను. ఒక దశలో బల్ల గుద్దానని కూడా చెప్పాను. అక్కడ బల్లే లేదు.

ఆమె కళ్ళలోకి చూడకుండా ఉండటానికి టీ గ్లాసులో చూస్తూ కూర్చున్నాను. ఆమె కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు.

“ఒప్పుకోడని నాకూ తెల్సులే. అయినా నా కోసరం అంత వాదిచ్చినావు గదా, అది చాలు,” అంది. నా గ్లాసులో ఇంకొంచెం టీ పోసి, “సరే, నువ్వే చెప్పు. చెడగొట్టాకు. నేనొకతూరి చెప్పి ఫోన్‌కు పంపిస్తా, విని నేర్చుకో,” అంది.

మర్నాడు మేడమ్‌ను ఆస్పత్రిలో దింపి పార్కింగ్‌లో ఉండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. వంటింట్లో కుక్కర్ పక్కన నిలబడి చెప్పినట్టుంది, ఆమె మాటల వెనక ఆవిరి సన్నగా బుసబుసమంటోంది. మొదటిసారి చెప్పినప్పుడు కోపంగా చెప్పిన మాటల్ని ఈసారి నెమ్మదిగా చెప్పింది. తనకు దక్కదని తెలిసిన దాన్ని ఇంకొకరికి అప్పగించేటప్పుడు మనిషి ఎంత జాగ్రత్తగా ఉంటుందో అంత జాగ్రత్తగా. చివర్లో దూరం నుంచి మేడమ్ పిలవడం, ఈమె “ఇన్షాల్లా మేడమ్” అనడం కూడా ఉన్నాయి.

మళ్ళీ మళ్ళీ విన్నాను. అలాగే చెప్పాలని ప్రయత్నించాను. బండి అద్దాలన్నీ ఎక్కించుకుని, ఫోన్ డాష్‌బోర్డ్ మీద నిలబెట్టి, చెప్పి, నిజామాబాద్ అతనికి పంపాను. అతను వెంటనే ఫోన్ చేశాడు.

“తాతా, నీ పండ్ల సందుల్నుంచి ఈల ఒస్తున్నదే. బర్లను తోలుకపోయినట్టున్నది.”

పళ్ళ సెట్ తీసేసి ఇంకోసారి చెప్పాను.

“గిప్పుడు ఈల లేదు. మాటలు గూడ లేవు. మల్ల చెప్పు.”

నాటకం దగ్గరపడింది. అందరి రికార్డింగులూ చేరాయి, నాది తప్ప. ముందు భాగం, అంటే సన్యాసి వేషంలో మఠంలో తిరిగే మాటలు నావే ఎలాగో సరిపెట్టాడు. చివరి ప్రసంగం దగ్గర ఆగిపోయాడు. గురువారం అతను “తాతా, ఇగ నీతోని కాదు, వేరేటోళ్ళతోని చెప్పిస్త,” అన్నాడు. వేరేవాళ్ళు చెబితే ఆ వేషం నాది కాకుండా పోతుంది. ఫోన్‌లో ఆమె మెసేజ్ ఉంది. దాన్ని అతనికి పంపేశాను.

“గీమె ఎవలు?” అన్నాడు.

“అదంతా నీకెందుకు? ముసుగు తీసేదాకా మగగొంతు, తీశాక ఆడగొంతు. అదీ నా ప్లాన్. మొదట్నుంచీ నా ప్లాన్ అదే.”

అతను ఇంకోసారి విన్నాడు. తర్వాత “మస్తున్నది తాతా. ఎంత తెలివే నీకు!” అన్నాడు. ఆ పొగడ్త పుచ్చుకున్నాను.

శుక్రవారం. స్టేజీ పక్క స్తంభానికి కారు లాగే తాడు కట్టి దాన్ని కొండ తాడన్నాం. నేను ముదురు గోధుమరంగు చలికాలపు తోబ్, అదే ఇక్కడి మగవాళ్ళ పొడుగు అంగీ, తొడుక్కుని, తలమీద ముసుగు లాక్కుని, మీసం తీయించుకుని మరీ వచ్చాను. ఆమె ఎడమవైపు, ముందునుంచి కొన్ని వరసల వెనక, తెల్ల ముసుగు వేసుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు బండిలో, “సిన్నాయనా, మీసం లేకుంటే నువ్వు మా పెద్దమ్మ మాదిరుండావ్” అని నవ్వింది. ఎలా చెబుతానో చూడాలని ఆమెకే నాకంటే ఎక్కువ ఆత్రంగా ఉంది.

సన్యాసులు నన్ను మఠానికి పెద్దను చేశారు. నేను ముసుగు తీశాను. నోరు తెరిచాను.

“అన్నల్లారా, నేను తాడు పట్టుకోని కొండెక్కిన దినం…”

వెనక వరసల తలలు కూడా ఇటు తిరిగాయి. కుక్కర్ బుసను అతను ఇంకొంచెం పెంచినట్టున్నాడు, కొండమీద గాలి వీచినట్టే ఉంది. నేను పెదాలు కదుపుతూ ఆమెవైపు చూశాను. మొదట ఆమెకు అర్థం కాలేదు. గొంతుకంటే ముందు ఆ బుసను గుర్తుపట్టిందేమో, ఉలిక్కిపడి చుట్టూ చూసింది. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఆమె పెదాలు కూడా కదులుతున్నాయి. ఆ హాల్లో ఒకే మాటలకు రెండు నోళ్ళు కదిలాయి. చూస్తున్నవాళ్ళు నా నోటినే చూశారు.

చప్పట్లు. నిజంగానే లేచి నిలబడి కొట్టారు. అయ్యగారు స్టేజీ ఎక్కి నన్ను కౌగిలించుకుని, మైకు అందుకున్నారు.

“బ్రదర్, చివర మాట్లాడిన ఆ సిస్టర్ ఎవరు? ఇక్కడున్నారా? ఒకసారి లేచి నిలబడమనండి, అందరం చూస్తాం.”

ఆమె లేవబోయింది. ముందు కుర్చీ వీపు పట్టుకుని సగం లేచింది, నాకు స్పష్టంగా కనిపించింది. ముఖంలో సిగ్గూ సంతోషమూ. నేను చెప్పడమే ఆలస్యం. ఆమె లేస్తుంది, అయ్యగారు మెచ్చుకుంటారు, ఆమె “మీరు వద్దన్నారంట గదయ్యా” అంటుంది. ఆమె అలా అనకుండా ఉండదు. లోపల దాచుకునే మనిషి కాదు.

“సిస్టర్ ఎవరూ లేరండి,” అన్నాను. “నా గొంతే. ఫోన్‌లో ఒక యాప్ ఉంటుందండి, మగగొంతును ఆడగొంతు చేస్తుంది.”

“అబ్బా! ఏం టెక్నాలజీ!” అన్నారు అయ్యగారు. హాలంతా నవ్వింది, మళ్ళీ చప్పట్లు కొట్టింది.

ఆమె కూర్చుంది. జారని ముసుగును సర్దుకుంది.

తిరుగు ప్రయాణంలో బండిలో ఇద్దరమే. ఆమె వెనక సీట్లో. దోహా దాటాం, ఇళ్ళు పలచబడ్డాయి. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“అయ్యగారు వొద్దనినాడని చెప్తివి గదా?”

“ఊఁ.”

“లేచి నిలబడమనినాడే?”

నేను అద్దంలో చూడలేదు. ట్రాఫిక్ మీద పెట్టాను చూపు. ట్రాఫిక్ లేదు.

“నువ్వు అడగనే లేదు,” అంది. అది ప్రశ్న కాదు. “గొంతు తీసుకుంటే తీసుకున్యావు. నేనే ఇచ్చింటా. మనిషే లేదంటివే! నేను ఆడనే ఉండా గదా, నీ ఎదురుగానే ఉండా గదా?”

ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. నా నోరు ఎన్నడూ ఖాళీగా ఉండదు. ఆ రోజు అందులో ఏమీ లేదు.

మర్నాడు బండి గేటు దగ్గర ఆపితే వంటింటి కిటికీ మూసి ఉంది. టీ గ్లాసు బయట అరుగు మీద ఉంది, చల్లారిపోయి. మధ్యాహ్నం ఆమె వచ్చి, “డ్రైవర్, మేడమ్ ఆస్పత్రికి పోవాలంట,” అంది.

డ్రైవర్. ఆ ఇంట్లో అందరూ నన్ను పిలిచేది అలాగే. మేడమ్, ఆమె కొడుకులు, మనవలు. ఇన్నేళ్ళలో అది నాకు ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు.

రోజులు గడిచాయి. కిటికీ తెరుచుకోలేదు. ఇక ఉండలేక ఒక శుక్రవారం సాక్ష్యాల సమయంలో లేచాను. మైకు దగ్గరకెళ్ళి అంతా చెప్పేశాను. ఆ గొంతు మా వంటావిడదనీ, ఆ మాటలు ఆమెవేననీ, యాప్ అబద్ధమనీ, అయ్యగారు వద్దన్నారని ఆయన మీద పెట్టింది కూడా అబద్ధమనీ. ఏడుపొచ్చింది. అది నటన కాదు. అయితే కళ్ళు తుడుచుకోవడానికి కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపు తీసుకున్నాను.

హాలంతా స్తోత్రం స్తోత్రం అంది. ఒకాయన లేచి, ఈ వయసులో ఇంత తగ్గింపు మనసు ఎవరికుంటుందన్నాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి చేతులు పట్టుకున్నారు. నాటకం రోజుకంటే ఎక్కువమంది మెచ్చుకున్నారంటే ఈసారి నేను పెంచడం లేదు. గుండె తేలికైపోయింది.

బయటికొచ్చాక అయ్యగారిని పక్కకు పిలిచి అడిగాను. “నేను ఆ రోజు అడిగుంటే మీరేమనేవారండి?”

ఆయన ఆలోచించారు. “ఏమో బ్రదర్. కాదనేవాణ్ణేమో కూడా. కానీ కాదనే అవకాశం కూడా మీరు నాకివ్వలేదు కదా.”

ఆ మాట మనసులో వేసుకుని ఇంటికెళ్ళాను. అయినా తేలికగానే ఉన్నాను. రెండురోజుల తర్వాత ఆమె మేకలదొడ్డి దగ్గర నన్ను పట్టుకుంది. చేతిలో ఫోను. ఆడవాళ్ళకు ఫోన్‌లో ఒక ప్రార్థన గ్రూపు ఉంటుంది, అందులో ఎవరో చెప్పారట, మీ ఇంటి డ్రైవర్ తాతగారిది ఎంత మంచి మనసో అని.

“నా సంగతి సాక్ష్యం చెప్పినావంట.”

“చెప్పానమ్మా. అంతా ఉన్నదున్నట్టు…”

“నేను లేని దినం చూసుకోని చెప్పినావా?”

అప్పుడు తెలిసింది నాకు. నిజంగా అప్పుడే తెలిసింది. ఆ శుక్రవారం ఆమెకు డ్యూటీ. ఆమె ముఖం చూస్తూ చెప్పవలసిన మాట ఆమె తప్ప మిగతా అందరికీ చెప్పి, మెప్పు కూడా వసూలు చేసుకొచ్చాను.

“ఆ రోజు ఆత్మ ప్రేరేపించింది,” అన్నాను. ఛీ, ఎందుకన్నానో.

“ఆత్మకు నా లీవెప్పుడో తెల్దా?” అంది.

మేకలు అరుస్తున్నాయి. ఆమె దొడ్డి తలుపుకు గడియ పెట్టింది.

“నువ్వు చెప్పింది నేను విన్లేదు. నేను వినంగా మళ్ళా చెప్పు. కండ్లు తుడుచుకోకుండా చెప్పు,” అని వెళ్ళిపోయింది.

ఆమె సెలవు వచ్చేదాకా నాకు ఆ మాటే బెంగ. అందరి ముందూ ఏడ్చి చెప్పడం కంటే ఒక్క మనిషి ముందు ఏడవకుండా చెప్పడం కష్టంగా ఉంది. ఆ శుక్రవారం లేచి, మైకు దగ్గరకెళ్ళి, ఎడమవైపు తిరిగి నిలబడ్డాను.

“ఆ మాటలు ఈవిడవి. ఆ గొంతు ఈవిడది. ఈవిడ ఎదురుగా ఉండగా ఎవరూ లేరని చెప్పాను. ఈవిడకు చెప్పే అవకాశం రాకుండా చేసింది నేను, అయ్యగారు కాదు. ఎందుకంటే ఆ చప్పట్లు నాకు కావాలనిపించింది.” అంతే చెప్పి వచ్చి కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పోయినసారి ఏడ్చిందే బాగుందనుకున్నారేమో.

అయ్యగారు లేచారు. ఒక్క క్షణం స్టేజీ వైపు చూశారు, వెనకున్న పెద్దలవైపు చూశారు. “సిస్టర్, ముందుకొచ్చి చెబుతారా?” అన్నారు.

హాల్లో చిన్న కదలిక. ఆమె లేచి నిలబడింది. ఎవరో మైకు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళబోయారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“మైకు వొద్దులే నాయనా. మైకులో ఆ దినం విన్నారు గదా. స్టేజీ కూడా వొద్దు. నన్నీడనే చూడండి,” అంది.

కూర్చున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి, మగవాళ్ళవైపు తిరిగి మొదలుపెట్టింది. కుక్కర్ లేదు, గాలి లేదు, మ్యూజిక్ లేదు. పక్క హాల్లోంచి ఫిలిప్పీన్స్ వాళ్ళ పాట కొంచెం వినబడుతోంది. తాడు దగ్గర్నుంచి గంజి దగ్గరికి, గంజి దగ్గర్నుంచి ఓదార్పు దగ్గరికి వచ్చింది. నా పెదాలు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. పక్కాయన నావైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

“మాట మారిందా? గొంతు మారిందా? మీ చెవులు మారినాయా?” అన్నాక నాటకం అయిపోవాలి. ఆమె ఆగలేదు. అది నేను రాసుకున్నదాంట్లో లేదు, ఆమె పంపిన మెసేజ్‌లోనూ లేదు.

“నన్ను కిందికి దింపాలంటే దింపండి. తాడు యాడుండాదో నాకు తెల్సు. ఎక్కింది నేనే గదా.”

కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియలేదు ఎవరికీ. వెనక వరసలోంచి నిజామాబాద్ అతను, ప్రార్థనకు కాదు, స్పీకర్లు సర్దడానికి వచ్చినవాడు, “గిదే, గీ గొంతే!” అని పైకే అన్నాడు. ఆడవాళ్ళలో ఒకామె నవ్వింది, తర్వాత ఇంకొకామె. ఆమె పక్కన కూర్చున్నావిడ ఆమె చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

బండి దగ్గరికి వచ్చేటప్పుడు నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. చక్కటి మాటలు. వెనక డోర్ తెరిచి పట్టుకున్నాను, ఎప్పుడూ తెరవనివాణ్ణి. ఆమె ఎక్కి, డోర్ తనే వేసుకుంది.

ఉమ్ సలాల్ దాకా అద్దంలోకి ఒకటి రెండుసార్లు చూశాను. ముసుగు తీసి భుజాన వేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. అలసిపోయిన మనిషిలా, మంచి నిద్ర పట్టబోయే మనిషిలా ఉంది. ఇక ఇప్పుడు, ఇక ఇప్పుడు అనుకుంటూ సిద్ధం చేసుకున్న మాటల్లో మొదటిదానికి గొంతు సవరించుకున్నాను.

“డ్రైవర్,” అంది. “ఏసీ తగ్గించు. చలేస్తాండాది.”

తగ్గించాను.